తగినంత తేనె

వాక్యపఠనము: సామెతలు 25:16, నిర్గమకాండము 36:2-7

మా పెరటిలో జామ, నిమ్మ, మునగ చెట్లును, కొబ్బరిచెట్టొకటియు గలవు. వాటి నీడను కొన్నియేండ్ల క్రిందట ఒక తేనెపెట్టె నుంచితిమి. మన దేశపు పుట్టతేనెటీగ చెట్టుతొఱ్ఱలలోను పుట్టలలోను కాపురముండునట్లే కొయ్యపెట్టెలోను కాపురముండును. పూలు సమృద్ధిగా నున్న కాలమున కూలియీగ ఆయుష్షు ఆరు వారములే. అది జీవితకాలమంతయు కష్టించి కూర్చు తేనె చిన్న చెమ్చాలో ఇంచుమించు పండ్రెండవ వంతని పరిశీలకులు చెప్పుదురు.

పెట్టె నిచ్చిన వృద్ధుడు, “అయ్యగారూ, పై అరలోనిది మీది. క్రింది అర ముట్టకండి. అది వాటి పిల్లలకు, వానకాలానికి” అని హెచ్చరించెను. వేసవిలో పై అర తీసితిమి. సంఘములోని రోగులకును వృద్ధులకును పంచగా అది చాలలేదు. పంచుటకే గదా యని మనస్సాక్షిని సమాధానపరచుకొని, క్రింది అరలోనిదియు పిండితిని. అందరును నన్ను దీవించిరి.

పిమ్మట ముసురు పట్టెను. కొబ్బరి పూచుచునే యున్నను వర్షములో ఈగలు వెలుపలికి పోజాలవు. లోపల నిలువయు లేదు. ఆహారము కరవైనప్పుడు ఈ జాతి యీగ గూడు విడిచి లేచిపోవును. ఒక ఉదయమున చూడగా పెట్టెలో ఎండిన మైనపు తెట్టెలు మాత్రమే మిగిలియుండెను.

తేనె దొరికినప్పుడు తగినంత మట్టుకే పుచ్చుకొనవలెనను సామెతను నేను అనేక పర్యాయములు బోధించితిని. హెబ్రీ మూలములో “తగినంత” అను చోట “దై” అను చిన్నమాట యున్నది. నిర్గమకాండము 36:7లో ప్రత్యక్షగుడారపు పనికి తెచ్చిన సామగ్రి చాలినదని చెప్పుచోటను అదే మాట కలదు. అక్కడ మోషే ఆపినది దొంగలను కాదు, కానుకలు తెచ్చువారిని. పుచ్చుకొనువానికి మాత్రమే గాక ఇచ్చువానికిని దేవుడు మేర నియమించెను. తమ సొత్తు తెచ్చినవారికే “చాలును” అను మాట అవసరమైనయెడల, ఇతరుల నిలువనుండి తీసి దానము చేసిన నాకు మరి యెంత అవసరము!

ప్రియ చదువరీ, పరిచర్య పేరట మనమును క్రింది అరలో చేయి పెట్టుచున్నామేమో పరీక్షించుకొందము. ఇల్లాలి విశ్రాంతి, బిడ్డలతో గడపవలసిన సాయంకాలములు, పనివారి సెలవుదినము, ఇవి మనవి కావు. వాటిని పిండి తెచ్చిన అర్పణకు సంఘము మనలను మెచ్చుకొనవచ్చును, ప్రభువు మెచ్చుకొనునా?

ఈ యేడు మునగ విరివిగా పూచినది. ఎక్కడనుండియో ఈగలు వచ్చి పూలపై వ్రాలుచున్నవి. మా పెట్టె ఇంకను ఖాళీగానే యున్నది. దానిని తుడిచి, తెరచి, కనిపెట్టుచున్నాను.

ప్రార్థన: ప్రభువా, ఇతరుల పాలు తీసికొని నీకు అర్పించిన మా పాపమును క్షమించుము. “చాలును” అని చెప్పుటకును, ఇంటివారి యెదుట మా తప్పు ఒప్పుకొనుటకును మాకు కృప ననుగ్రహించుము. ఆమేన్.