దానమా, బాకీయా?



మీ ఇంట్లో లా చదివే అబ్బాయి ఉన్నాడనుకోండి. సెలవుల్లో ఏ సీనియర్ వకీలు దగ్గరో నాలుగు ముక్కలు నేర్చుకోకుండా, ఇటుక బట్టీల వెంట తిరుగుతూ కూలీల జీతాల లెక్కలు రాస్తున్నాడు. "పైసా రాని పని ఎందుకురా?" అని మీరడిగితే "సేవ నాన్నా" అంటాడు. ఆ మాటతో మీ కోపం కాస్త తగ్గుతుంది. నాకు మాత్రం ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించాలనిపిస్తుంది.

ఆకలిగొన్నవానికి మన కంచంలోని ముద్ద పెడితే దానం. అతని కంచమే ఎవరో లాక్కుంటే, దాన్ని తిరిగి ఇప్పించడం దానమవుతుందా? ఎవరిది వారికి ఇవ్వాలన్న స్థిర సంకల్పమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు. కూలి కూలివానిది. 'ఒప్పుకొనే చేశాడు కదా' అన్న వాదనకు 13వ లియో జగద్గురువులు 1891లోనే 'రేరుం నొవారుం' విశ్వలేఖలో జవాబిచ్చారు: గత్యంతరం లేక ఒప్పుకొన్నంత మాత్రాన తక్కువ కూలి న్యాయమైపోదు. 1982లో, ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో మన సుప్రీం కోర్టు కూడా ఇలాగే ఆలోచించింది. పేదరికం చేసేదీ బలవంతమే గనుక, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందన్నది. ఆ కేసు మొదలైంది ఒక ఉత్తరంతో. ముగ్గురు పరిశోధకులు పనిచోట్లకు వెళ్ళి రాసిన నివేదికను ఆధారం చేసుకొని ఒక పౌరహక్కుల సంఘం జస్టిస్ భగవతి గారికి రాసిన ఉత్తరమది.

అంటే లెక్కలు రాయడం చిన్న పనేమీ కాదు. కూలికి వెళ్ళే తల్లి లేబరు ఆఫీసుకు ఒక్కసారి వెళ్ళినా ఆ రోజు కూలి పోతుంది. హాజరు పుస్తకం మేస్త్రీ దగ్గర ఉంటుంది. తాను వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో ఆమెకు తెలియదు. విద్యార్థి కోర్టులో వాదించలేడు, నిజమే. కాని ఏ తేదీన ఎన్ని గంటలు చేసింది, చేతికెంత వచ్చింది, చూసినవారెవరు అన్నది కుదురుగా రాసిపెడితే వకీలు పని సగం తేలికవుతుంది. ఆ వకీలు కూడా ఉచితమే. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సాయం కల్పించింది.

సేవ అనుకొనేవాడికి ఒక జబ్బు పట్టే ప్రమాదముంది. "మూడు వేలు తీసుకొని సర్దుకోమ్మా" అని ఆమె తరఫున తానే తేల్చేస్తాడు. ఎంత ఇవ్వాలో దాత తేల్చుకోవచ్చు. ఇంకొకరి బాకీ ఇప్పించేవాడికి ఆ హక్కు లేదు. రాజీ పడాలా వద్దా అన్నది, రేపు అదే మేస్త్రీ దగ్గరికి పనికి వెళ్ళవలసిన ఆమె ఇష్టం. సర్టిఫికెట్టు కోసం చేస్తున్నాడని కొందరు ఎత్తిపొడుస్తారు. చేయనివ్వండి, నాకు పేచీ లేదు. పరీక్షలొచ్చాయని ఆమెను నడిమధ్య వదిలేస్తేనే పేచీ.

ఇంకొక సంగతి. రాస్తూ రాస్తూ ఆ పిల్లవాడు ఒకనాడు మన గుడి గంటకు విరాళమిచ్చిన పెద్దమనిషి పేరు దగ్గరికి వస్తాడు. లేదా మన ఇంట్లోనే అంట్లు తోమే ఆమె జీతం దగ్గరికి వస్తాడు. అప్పుడు సలహాకు నా దగ్గరికి వస్తే, ఆ పేరు కొట్టెయ్యమని మాత్రం నేను చెప్పలేను. మీరేం చెబుతారో ఈ ఆదివారమే ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకోండి.