ఆ తొందర నీది కాదు తల్లీ

నిన్న రాత్రి పదిన్నరకి నువ్వు ఫోన్ చేసినప్పటి కంగారు గొంతు నాకింకా చెవిలోనే ఉంది. "బాబాయ్, ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్ ఒక్కటే మిగిలిందట. రేపు పొద్దున్నే ఇంకో పార్టీ చెక్కు పట్టుకొస్తోందట. ఈ రాత్రికి రెండు లక్షలు టోకెన్ వేస్తే మనకోసం బ్లాక్ చేస్తానంటున్నాడు ఏజెంటు" అన్నావు. వేయొద్దు, పడుకో అని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. అల్లుడూ నువ్వూ కలిసి చదవండి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాశాను. ఇల్లు కొన్న సంతోషాన్ని చూశాను, కొని మోసపోయినవాళ్ల కన్నీళ్లనూ చూశాను. మోసపోయినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారమ్మా. వాళ్లలో లెక్కల మాస్టార్లున్నారు, బ్యాంకులో పనిచేసి రిటైరైనవాళ్లున్నారు. "ఆ రోజు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వలేదండీ" అన్న మాట మాత్రం దాదాపు అందరి నోటా విన్నాను. వ్యవధి ఒకరు ఇచ్చేది కాదు, మనం తీసుకునేది. ఆ సంగతి వాళ్లకి ఆలస్యంగా తెలిసింది. నీకు ముందే తెలియాలని నా ఆరాటం.

ఏజెంటుని శత్రువుగా చూడమని చెప్పడం లేదు. అతనూ బతుకుతెరువు కోసం ఎండలో తిరిగేవాడే. అమ్మకం జరిగితేనే అతనికి కమీషన్, జరగకపోతే తిరిగిన పెట్రోలు ఖర్చు కూడా రాదు. నెలాఖరు టార్గెట్ ఉంటుంది, పైనుంచి ఒత్తిడి ఉంటుంది. కాబట్టి అతనికి తొందర సహజం. ఆ తొందరని నీ నెత్తిన పెట్టుకోవడం మాత్రం సహజం కాదు. అతనికి ఈ ఫ్లాటు ఈ నెల పని. నీకు ఇరవై ఏళ్ల ఈఎంఐ, మా అన్నయ్య పీఎఫ్ డబ్బు, రేపు పుట్టబోయే బిడ్డ ఆడుకునే చోటు. రెండూ ఒక్క వేగంతో నడవవు.

ఏజెంట్ల మాటలు కొన్ని నీకు ముందే చెప్తాను, విన్నప్పుడు గుండె దడ రాకుండా ఉంటుంది. "ఒక్కటే మిగిలింది" అంటారు. ఆ మాట నిజమే కావచ్చు. అయినా హైదరాబాద్‌లో తూర్పు ముఖం ఫ్లాటు అదే ఆఖరిది కాదు. మన వాస్తు నమ్మకాన్ని వాళ్లు బాగా చదివారు, అందుకే ముందు ఆ మాటే ఎత్తుతారు. "ఆషాఢం కాబట్టి ఈ రేటు, శ్రావణం రాగానే పెరుగుతుంది" అంటారు. "ఎండీ గారితో మాట్లాడి మీ ఒక్కరికే ఇప్పించాను, బయట చెప్పకండి" అంటారు. "టోకెనే కదా మేడమ్, నచ్చకపోతే వెనక్కిచ్చేస్తాం" అంటారు. వీటన్నిటికీ ఒకటే జవాబు: "సరేనండీ, అదే మాట కాగితం మీద రాసివ్వండి." నిజమైన మాటైతే కాగితం మీదికి రావడానికి జంకదు.

టోకెన్ విషయం కాస్త వివరంగా చెప్తాను. నీకు పంపిన యూపీఐ నంబరు ఎవరి పేరు మీద ఉందని అడిగితే, "ఆ ఏజెంటు అబ్బాయిదే" అన్నావు. అక్కడే ఆగాలి తల్లీ. డబ్బు ఎప్పుడిచ్చినా బిల్డర్ సంస్థ ఖాతాకి, పాత ఫ్లాటైతే యజమాని ఖాతాకి మాత్రమే బ్యాంకు ద్వారా వెళ్లాలి. నగదు అసలే వద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలుగానీ అంతకు మించిగానీ నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. రసీదు మీద ఫ్లాటు నంబరు, ఒప్పుకున్న మొత్తం ధర ఉండాలి. "బ్యాంకు లోన్ రాకపోయినా, కాగితాల్లో తేడా కనిపించినా టోకెన్ పూర్తిగా తిరిగి ఇస్తాం" అన్న వాక్యమూ ఉండాలి. అది రాయనన్నారంటే, వెనక్కిచ్చే ఉద్దేశం లేదనే అర్థం.

ఒక సంగతి చెప్తాను. చాలా ఏళ్ల కింద ఒక పెద్దాయన భార్యతో కలిసి నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి అప్పుడే రిటైరయ్యాడు. రెండు వందల గజాల ప్లాటు, దస్తావేజు రాయమన్నాడు. సర్వే నంబరు చూడగానే నాకు అనుమానం వచ్చింది. లోపలికి వెళ్లి అడిగితే, అది రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత భూముల జాబితాలో ఉంది. డబ్బు ఎంతిచ్చారని అడిగాను. వచ్చిన గ్రాట్యుటీలో ముక్కాలు భాగం ఇచ్చేశాడు. రసీదు అడిగితే జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం తీశాడు. దాని మీద ఒక సంతకం, తేదీ తప్ప ఇంకేమీ లేదు. ఆ అమ్మ ఏమీ అనలేదు. ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను రాసిన వందల దస్తావేజులు మర్చిపోయాను గానీ, రాయకుండా ఆగిన ఆ ఒక్కటీ మర్చిపోలేదు.

ఇప్పటి కాలంలో మీకు చట్టం అండ ఉంది, దాన్ని వాడుకోండి. 2016లో రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోగానీ, 8 ఫ్లాట్లకు మించిగానీ కట్టే ప్రాజెక్టుకి రెరా నంబరు లేనిదే ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అలాంటి ప్రాజెక్టులో ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు చేయించుకుని ఉండాలి. కాబట్టి మొదటి ఫోన్‌లోనే రెండు నంబర్లు అడుగు, ప్రాజెక్టుది ఒకటి, అతనిది ఒకటి. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో నువ్వే స్వయంగా చూసుకో. "ప్రీ లాంచ్, నంబరు వచ్చే నెలలో వస్తుంది, మొత్తం ఒకేసారి కడితే సగం రేటు" అన్నచోట టీ కూడా తాగకుండా లేచి వచ్చేయ్. ఆ సగం రేటు ఆశకి హైదరాబాద్‌లో ఎన్ని కుటుంబాలు ఇల్లూ లేక, డబ్బూ లేక తిరుగుతున్నాయో పేపర్లో చూస్తూనే ఉన్నాం.

ఇంకొకటి గుర్తుపెట్టుకో. రెరా కింద ఉన్న ప్రాజెక్టులో సేల్ అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. బ్రోచర్లో, వాట్సాప్‌లో వాళ్లు చెప్పినవన్నీ దాచిపెట్టు. అబద్ధపు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవాళ్లు వైదొలిగితే, కట్టినదంతా వడ్డీతో తిరిగి ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. 1,650 ఎస్‌ఎఫ్‌టీ అని చెప్తే, అందులో కార్పెట్ ఏరియా ఎంతో అడుగు. లిఫ్టు, మెట్లు, కారిడార్ అన్నీ కలిపి చెప్పే అంకె వేరు, మీరు మంచం వేసుకునే అంకె వేరు.

కాగితాలు నీ సొంత లాయరుకి చూపించు, ఏజెంటు తీసుకొచ్చిన లాయరుకి కాదు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కనీసం ముప్ఫై ఏళ్లది, లింకు డాక్యుమెంట్లు, అనుమతి పొందిన ప్లాను చూడాలి. కట్టడం పూర్తయిందంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడాలి. చెరువు దగ్గరుంటే దాని పూర్తి నీటిమట్టపు హద్దు అనే ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ సంగతి తేల్చుకోవాలి. 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక చెరువుల్లో కట్టిన ఇళ్లు కూలడం మనమందరం టీవీలో చూశాం. "బ్యాంకు అప్రూవ్డ్ మేడమ్" అంటే సరిపోదు. బ్యాంకు తన అప్పు భద్రత చూసుకుంటుంది, నీ జీవితం కాదు.

లెక్క కూడా నువ్వే వేసుకో. "పదహారు లక్షలుంటే చాలు, మిగతాది బ్యాంకు చూసుకుంటుంది" అని ఏజెంటు అన్నాడన్నావు. 80 లక్షల ఫ్లాటుకి బ్యాంకు ఇచ్చేది మహా అయితే 80 శాతం, అంటే 64 లక్షలు. మిగిలిన 16 మీవి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 6 లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ 5 శాతం, అది 4 లక్షలు. అప్పుడే 26 అయింది. కార్ పార్కింగ్, కార్పస్ ఫండ్, లోపలి చెక్కపని ఇంకా రానేలేదు. ఈ పది లక్షల తేడా టోకెన్ వేశాక తెలిస్తే చేబదుళ్ల కోసం పరుగెత్తాలి. ముందే తెలిస్తే కాస్త చిన్న ఫ్లాటు చూసుకుంటారు, హాయిగా నిద్రపోతారు.

కాదనడం నీకు కష్టమని నాకు తెలుసు. చిన్నప్పుడు చీరల కొట్లో నాలుగు చీరలు విప్పించాక కొనకుండా లేవడానికి మొహమాటపడేదానివి. అందుకే చెప్తున్నా, సైట్ విజిట్‌కి వాళ్ల కారులో వెళ్లొద్దు, మీ బండి మీద వెళ్లండి. ఇష్టమైనప్పుడు లేచి రావచ్చు. దిగగానే చెప్పేయ్, "ఈ రోజు చూడటానికే వచ్చామండీ, డబ్బు మాట ఎత్తం" అని. చెక్కుబుక్కు ఇంట్లోనే ఉంచు. రోజుకి పదిసార్లు ఫోన్ చేస్తే, "ఆదివారం పదకొండు గంటలకి నేనే చేస్తానండీ, ఈలోగా కాగితాలు పంపించండి" అని మర్యాదగా చెప్పు. చెప్పినట్టే ఆదివారం నువ్వు ఫోన్ చెయ్యి, మాట మనం కూడా నిలబెట్టుకోవాలి. నచ్చిన ఫ్లాటుని ఏజెంటు లేకుండా ఇంకోసారి, వానపడ్డ రోజు సాయంత్రం చూడండి. వాచ్‌మన్‌తో, పై అంతస్తులో ఉంటున్నవాళ్లతో మాట్లాడండి. నీళ్ల ట్యాంకరు వారానికి ఎన్నిసార్లు వస్తోందో బ్రోచర్ చెప్పదు, వాళ్లు చెప్తారు.

ఇంతా చేసేలోపు ఆ ఫ్లాటు వేరేవాళ్లు కొనుక్కుంటే కొనుక్కోనీ. ఒక రోజు బాధగా ఉంటుంది, అంతే. చూసుకోకుండా కొన్న ఇంటి బాధ ఏళ్ల తరబడి ఉంటుంది.

రిజిస్ట్రేషన్ రోజున ఫొటో తీస్తారు, వేలిముద్ర వేయిస్తారు. చుట్టూ నలుగురు చేరి "ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం" అని పేజీలు తిప్పేస్తుంటారు. ఆ దస్తావేజు నకలు వారం ముందే తెప్పించి నాకు పంపు. సరిహద్దులు, గజాలు, ఫ్లాటు నంబరు, మీ ఇద్దరి పేర్లలో అక్షరాలు ఒక్కొక్కటీ నేను చదువుతాను, నువ్వూ చదువు. ఆ రోజు ఎవరు ఎంత తొందరపెట్టినా, నీ వేలు పడే ప్రతి పేజీ నువ్వు ముందే చదివినదై ఉండాలి. పాలు పొంగించే రోజుకి పిన్నినీ నన్నూ పిలుద్దువుగాని.

నీ బాబాయి