చేపను సముద్రానికి పంపేదెవరు?

రాయగడ దగ్గర హాతీపత్థర్ బండల మీంచి దూకే నాగావళికి ఎటు పోవాలన్న సందేహం లేదు. పార్వతీపురం మన్యం దాటి, శ్రీకాకుళం పట్నాన్ని ఒరుసుకుని, కల్లేపల్లి దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. గుణుపురం మీదుగా దిగే వంశధార కళింగపట్నం దగ్గర కలుస్తుంది. కొరాపుట్ కొండల్లో పుట్టిన కొలాబుది చుట్టుదారి. శబరి అని పేరు మార్చుకుని, కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, ఆ తర్వాత సముద్రం చేరుతుంది. నీటికి పల్లమే విధి. ఆ నీళ్ళలో బతికే ప్రాణికి?

ఈ ప్రశ్న మీద శాస్త్రజ్ఞులు ఏళ్ళతరబడి కుస్తీ పట్టిన చేప ఇక్కడి ఏర్లలో దొరకదు. అది ఐరోపా చన్నీళ్ళ ట్రౌట్. ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చిన పిల్లల్లో కొన్ని గోధుమరంగు ఒంటితో పుట్టిన ఏట్లోనే బతుకు వెళ్ళదీస్తాయి. కొన్ని వెండిరంగు తిరిగి ఉప్పునీటికి పోయి, తిని బలిసి, గుడ్లు పెట్టడానికి వెనక్కి వస్తాయి.

ఏది పోతుంది, ఏది ఉంటుంది? చేప ఒంటి పుష్టిని కొలిచే పాత లెక్క ఒకటుంది. గ్రాముల్లో బరువుని సెంటీమీటర్లలో పొడుగు ఘనంతో భాగించి, నూటితో హెచ్చించాలి. 20 సెంటీమీటర్ల చేప 96 గ్రాములు తూగితే 1.2 వస్తుంది, అంటే ఒళ్ళు చేసిన చేప. 80 గ్రాములే తూగితే 1.0. తొట్లలో పెంచిన ట్రౌట్ పిల్లలకి మేత తగ్గించి చూస్తే, సముద్రానికి సిద్ధపడ్డవి పెరిగాయి. పోయేవాటిలో ఆడవే ఎక్కువ. ఒళ్ళు పెరిగితే గుడ్లు పెరుగుతాయి కదా, వాటికి సముద్రం గిట్టుబాటు. ఎంత లేమికి కదలాలన్న గీత కూడా ఒక్కో చేపకి పుట్టుకతో ఒక్కోచోట ఉంటుంది.

అయితే ఓ తిరకాసు. ప్రయాణానికి ముస్తాబయ్యేటప్పుడు ట్రౌట్ ఒళ్ళు సాగి సన్నబడుతుంది. కాబట్టి ఏట్లో పట్టి తూచిన చేప బక్కగా ఉంటే, బక్కదనం వల్ల బయల్దేరిందా, బయల్దేరబోతూ బక్కచిక్కిందా? తక్కెడ చెప్పదు.

నడిపేది ఒళ్ళా, తెలివా అన్న ప్రశ్న మనిషి విషయంలోనూ పాతదే. చార్వాకులకి ఇందులో చిక్కే లేదు: దేహమే తెలివి, దేహం ఎటంటే అటే. ప్రకృతి గుణాలు పని చేస్తుంటే అహంకారి తానే కర్తననుకుంటాడని భగవద్గీత. వీటికంటే సూటిగా, దాదాపు ప్రయోగశాల పద్ధతిలో మాట్లాడింది ఛాందోగ్యోపనిషత్తు. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుని పదిహేను రోజులు పస్తుండమన్నాడు. నీళ్ళు మాత్రం తాగొచ్చు. గడువయ్యాక వేదం చెప్పమంటే ఒక్క మంత్రమూ తట్టలేదు. తండ్రి కోప్పడలేదు, పూర్వజన్మని తవ్వలేదు. తిని రా అన్నాడు. తిన్నాక అన్నీ గుర్తొచ్చాయి. మనసు అన్నమయమని తేల్చింది ఆ పస్తే.

అలాగని ఆకలే అన్నిటికీ జవాబు అనుకుంటే మలుగు అడ్డొస్తుంది. పాములా జారిపోయే ఈ చేపది ట్రౌట్‌కి తిరగబడ్డ బతుకు. సముద్రంలో పుట్టి, ఏట్లో ఏళ్ళు గడిపి, గుడ్లు పెట్టడానికి సముద్రానికే పోతుంది. ఐరోపా మలుగు సర్గాసో సముద్రం దాకా అయిదువేల కిలోమీటర్ల పైచిలుకు ఈదుతుంది, దారిలో మేత ముట్టదు. పేగులు ముడుచుకుపోతాయి, ఒంట్లో దాచుకున్న కొవ్వే దారిబత్తెం. బక్కది బయల్దేరి లాభం లేదు. అక్కడ ట్రౌట్‌ని లేమి తోస్తే, ఇక్కడ మలుగుకి కలిమి ఉంటేనే దారి. సముద్రం ఒకటే, పనులు వేరు: ఒకటి తినడానికి, రెండోది కనడానికి. ఒంటి లెక్క ఒక్కటే చూసి జాతకం చెప్పేవాళ్ళు రెండోచోట బోల్తా పడతారు.

కొరాపుట్, రాయగడ జిల్లాల్లో ఈ మాట చేపల దగ్గర ఆగదు. ముందు డబ్బు తీసుకుని మేస్త్రీ వెంట దూరదేశం పనికి పోవడాన్ని ఒడిశాలో దాదన్ అంటారు. పోయినవాడిది ఆశ అనీ, ఉన్నవాడిది బద్ధకమనీ, ఇద్దరిదీ కర్మ అనీ తీర్పులు చెప్పడం నోటికి సులువు. మనిషి ట్రౌట్ కాడు నిజమే. అప్పు, కూలి, పిల్లల చదువు చేపకి లేవు. అయినా కర్మ అనేముందు కంచంలోకి ఓసారి తొంగిచూడొచ్చు. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడిజీడి వండుకు తిన్న ఆదివాసీలు చనిపోయారు. అవి ఆకలిచావులా, విషాహారం వల్లా అని పెద్ద వాదం నడిచింది. బూజు పట్టిన జీడిలో విషం ఉండొచ్చు. తినడానికి మరోటి ఉన్నవాళ్ళ పొయ్యి మీదికి ఆ జీడి ఎందుకు ఎక్కుతుంది?

ఇక గోదావరి నీళ్ళలో మన మలుగు. అది శబరి దాకా ఎగబాకినా, ఒళ్ళు నిండి తిరుగుప్రయాణం కట్టాక కూనవరం దిగువన పోలవరం, దాని కింద ధవళేశ్వరం దాటాలి. ధవళేశ్వరంలో 1852 నాటికే కాటన్ ఆనకట్ట లేచింది. సముద్రం నుంచి పులస చేప ఎదురెక్కి వచ్చేదీ ఆ గోడ దాకానే. కొవ్వు లెక్క సరిపోయినా, మలుగు ఇప్పుడు గేట్లు ఎత్తే వరద కోసం చూడాలి.