పీచ్‌ట్రీ వీధిన పరుగుల పండగ

సెలవు రోజున కోడి కూయకముందే లేవడం ఒక వింత. లేచి పది కిలోమీటర్లు పరుగెత్తడం ఇంకో వింత. దానికోసం రుసుము కట్టి మరీ జనం ఎగబడితే, చోట్లు చాలక లాటరీ వేయాల్సి రావడం వింతల్లోకెల్లా వింత. ఏటా జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, అట్లాంటాలో ఈ మూడు వింతలూ కలిసి ఒక పండగవుతాయి. ఆ పండగ పేరు పీచ్‌ట్రీ రోడ్ రేస్. పది కిలోమీటర్ల పరుగుల్లో ప్రపంచంలోనే పెద్దదని దానికి పేరు. నన్నడిగితే, మనిషి తనకోసం తాను కనిపెట్టుకున్న పండగల్లో అంత అమాయకమైనది, అంత ఉదారమైనది మరొకటి అరుదు.

ఇంకా చీకటి విడని వేళ ఊరి మెట్రో అయిన మార్టా రైళ్ళు కిక్కిరిసిపోతాయి. పనిరోజుల్లో ఎవరి ఫోనులో వాళ్ళు మునిగిపోయే ఆ పెట్టెల్లో ఆ ఒక్క పొద్దున అందరూ ఒకరినొకరు పలకరించుకుంటారు. నిక్కర్లు, బనియన్లు, ఛాతీ మీద పిన్నీసులతో గుచ్చుకున్న నంబర్లు. నెత్తికి చుక్కల జెండా చుట్టుకున్న తాతగారు ఒక మూల, ఎరుపు నీలం రంగుల గౌనుతో పరుగుకి సిద్ధమైన అమ్మాయి మరో మూల. అందరూ దిగేది పరుగు మొదలయ్యే లెనాక్స్ చుట్టుపక్కలే. అక్కడ రోడ్డుకి అడ్డంగా మేడంత జెండా వేలాడుతుంటుంది. దాని కింద, అక్షరాల వారీగా విడదీసిన గుంపుల్లో, వేలాది మంది నిలబడి తమ వంతు కోసం చూస్తుంటారు.

ముందుగా కదిలేవి కాళ్ళు కావు, చక్రాలు. వీల్‌చెయిర్ పందేనికి 1982 నుంచి ఇక్కడ ప్రత్యేక స్థానం ఉంది. చేతులనే కాళ్ళు చేసుకున్న ఆ వీరులు వాలులో దూసుకుపోతుంటే, కంటి రెప్ప వేసేలోగా మలుపు దాటేస్తారు. వాళ్ళ వెనక పేరుమోసిన పరుగువీరులు. ఆ తర్వాత ఊరు. అవును, ఊరికి ఊరే. బ్యాంకు గుమాస్తాలు, బడి పిల్లలు, సర్జన్లు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సులు, మోకాలికి పట్టీ కట్టుకున్న అమ్మమ్మలు. ఒక గుంపు వెనక ఇంకో గుంపు, గంటన్నరకి పైగా ఆ వీధి ప్రవహిస్తూనే ఉంటుంది.

ఇంత ప్రవాహానికి ఊట చాలా చిన్నది. 1969లో జులై 4న ఫోర్ట్ బెన్నింగ్ సైనిక స్థావరంలో జరిగిన ఒక పరుగు కోసం అట్లాంటా నుంచి కొందరు రన్నర్లు కారులో వెళ్ళారు. తిరుగు దారిలో వాళ్ళకొక ప్రశ్న పుట్టింది: మన ఊళ్ళోనే ఎందుకు పెట్టుకోకూడదు? వాళ్ళలో ఒకరు జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో కోచ్‌గా ఉన్న టిమ్ సింగిల్టన్. మరుసటి ఏడు, 1970 జులై 4న, ఆయన ఆధ్వర్యంలో పీచ్‌ట్రీ వీధి మీద మొదటి పరుగు జరిగింది. పాల్గొన్నది 110 మంది. మగవాళ్ళలో జెఫ్ గాలోవే గెలిచాడు. రెండేళ్ళకి ఆయన మ్యూనిక్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. ఆపైన, కాస్త పరుగు కాస్త నడక కలిపి ఎవరైనా ఎంత దూరమైనా పోవచ్చని లక్షల మంది మామూలు మనుషులకి నేర్పాడు. ఆడవాళ్ళలో గెలిచిన గేల్ బారన్ 1978లో బోస్టన్ మారథాన్ గెలిచింది. జులై ఎండలో ఒక వీధి మీద మొదలైన సరదా ఎంత దూరం తీసుకెళ్తుందో వీళ్ళిద్దరూ చూపించారు.

ఇక ఆ దారి సంగతి. అది నవ్వుతూ మోసం చేసే దారి. మొదటి మూడు మైళ్ళూ దాదాపు దిగుడే. కాళ్ళు వాటంతటవే సాగుతాయి, గాలి వెనకనుంచి వీపు తట్టినట్టుంటుంది, ఇంతేనా అనిపిస్తుంది. బక్‌హెడ్ పేటలో సెయింట్ ఫిలిప్ కేథడ్రల్ ముందు మతగురువు రోడ్డు పక్కన నిలబడి, పోయేవాళ్ళ మీద పవిత్రజలం చిలకరిస్తుంటారు. ఏ మతమని అడగరు, ఏ దేవుణ్ణి కొలుస్తావనీ అడగరు. చెమటతో తడిసిన ఒళ్ళుంటే చాలు, దీవెన అందుతుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేసే జనానికి దారి పొడుగునా మంచినీళ్ళూ మజ్జిగా అందించే చేతులు చూసినవాళ్ళకి ఈ దృశ్యం పరాయిది అనిపించదు.

ఆ తర్వాత పీచ్‌ట్రీ వాగు వస్తుంది. వాగు దాటగానే నేల తల పైకెత్తుతుంది. సుమారు ముప్పావు మైలు ఎక్కుడు. దానికి జనం పెట్టిన పేరు కార్డియాక్ హిల్, అంటే గుండె కొండ. దాని మీదే పీడ్‌మాంట్ ఆసుపత్రి ఉండడం ఆ పేరుకి తగ్గ చమత్కారం. జులై నెల జార్జియాలో ఎండకి ఉక్క తోడవుతుంది. ఏడు గంటలకే చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటూ వచ్చిన గుంపులు ఇక్కడ నోరు మూసుకుంటాయి. పరుగు నడకవుతుంది, నడక తడబాటవుతుంది.

అప్పుడు తల ఎత్తి చూడాలి. ఎక్కుడు మీద, రోడ్డు వారన, షెపర్డ్ సెంటర్ ఉంది. వెన్నుపూసకీ మెదడుకీ దెబ్బ తగిలినవాళ్ళు కోలుకునే ఆసుపత్రి. అక్కడి రోగులు ఆ పొద్దున చక్రాల కుర్చీల్లో బయటికి వచ్చి, వరుసగా కూర్చుని చప్పట్లు కొడుతుంటారు. కొందరు నిన్నమొన్న గాయపడ్డవాళ్ళు, మళ్ళీ లేచి నడుస్తామో లేదో తెలియనివాళ్ళు. వాళ్ళు పరుగెత్తేవాళ్ళని చూసి ‘పదండి, ఇంకాస్తే’ అంటున్నారు! ఎవరికి ఎవరు ధైర్యం చెప్పాలి? ఎవరు ఎవరికి చెబుతున్నారు? ఆ చప్పట్ల ముందు ఆయాసం గురించి ఫిర్యాదు చేయగల కాళ్ళు లేవు. చాలామంది పక్కకి వచ్చి, చేయి చాచి, ఆ చేతుల్ని తాకి ముందుకి పోతారు. నా మట్టుకు ఈ పందెం మొత్తానికి గర్భగుడి ఆ వంద గజాల రోడ్డే.

ఎక్కుడు ముగిశాక మిడ్‌టౌన్. మేడల నీడలు, బ్యాండు మేళాలు, ఎవరి ఇంటి గొట్టం వాళ్ళు రోడ్డు మీదకి తిప్పి చిలకరించే చల్లటి నీళ్ళు. లక్షకి మించిన జనం వీధికి అటూ ఇటూ నిలబడి, తమకి తెలియని మనుషుల పేర్లు ఛాతీ మీది అట్టల మీద చదివి పిలుస్తారు. అట్లాంటా ఉత్తర శివార్లలో, ఆల్ఫరెటాలో, జాన్స్ క్రీక్‌లో, కమ్మింగ్‌లో, తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కాబట్టి ఆ హోరులో ‘అదుగో నాన్న, అదుగో’ అనే కేక వినపడితే వింత కాదు, వినపడకపోతేనే వింత. స్వాతంత్ర్యాన్ని సొంత నేల మీద ఆగస్టులో జరుపుకుని పెరిగినవాళ్ళు, పిల్లలు పుట్టిన నేల స్వాతంత్ర్యాన్ని జులైలో కాళ్ళతో జరుపుకుంటున్నారు.

పదో వీధిలోకి మలుపు తిరిగితే పీడ్‌మాంట్ పార్కు. అక్కడ గీత. గీత అవతల టీషర్టు. ఈ పందెంలో ఆ నూలు బట్టకున్న గౌరవం పతకాలకి కూడా లేదేమో. 1971లో, రెండో పరుగు నుంచి, అది మొదలైంది. దాని మీద ఏ బొమ్మ ఉంటుందో ముందు ఎవరికీ తెలియదు. మామూలు జనం గీసి పంపిన బొమ్మల్లోంచి వడగట్టిన ఐదింటి మీద ఊరు ఓటు వేస్తుంది. గెలిచింది ఏదన్నది పరుగు రోజుదాకా గుట్టుగా ఉంచుతారు. పరుగు ముగించినవాడికే చొక్కా. కొనుక్కుందామంటే కుదరదు. ఏడాది పొడుగునా అట్లాంటా అంగళ్ళలో, పార్కుల్లో ఆ చొక్కాలు తిరుగుతుంటాయి. వెలిసిపోయిన పాత చొక్కాకి కొత్తదానికంటే మర్యాద ఎక్కువ.

2019లో యాభయ్యో పరుగు జరిగింది. పాల్గొన్నది 60,000 మంది.  ఆ రోజు ఆడవాళ్ళలో కెన్యాకి చెందిన బ్రిజిడ్ కొస్గే 30 నిమిషాల 22 సెకన్లలో గీత దాటింది. ఆ దారి మీద అది కొత్త రికార్డు. అదే పొద్దున అదే దారి మీద బిల్ థార్న్ అనే పెద్దాయన కూడా పరుగు పూర్తి చేశాడు. తొంభైకి చేరువైన వయసు. 1970 నుంచి ఒక్కటీ వదలకుండా యాభైసార్లూ పాల్గొన్న ఒకే ఒక్క మనిషి. కొస్గేకి ఎంత గౌరవమో ఆయనకీ అంతే. ఒకరు కాలాన్ని ఓడించిన తీరు ఒకటి, మరొకరిది ఇంకొకటి.

ఈ పరుగు అట్లాంటాలోనే ఆగిపోలేదు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కాలంలో అక్కడి స్థావరాల్లో ఉన్న సైనికులు జులై 4న పీచ్‌ట్రీ పేరు మీదే పది కిలోమీటర్లు పరుగెత్తారు. 2020లో కరోనా వచ్చి వీధి మూగబోయినప్పుడు, ఎవరి వీధిలో వాళ్ళు ఒంటరిగా ఆ దూరం పరుగెత్తి లెక్క అప్పజెప్పారు. మరుసటి ఏడు జనం ఎడం పాటించడం కోసం పరుగుని రెండు రోజులకి పంచారు.

పండగనాటి పరుగు ప్రపంచానికి కొత్త కాదు. అమెరికాలోనే బఫెలో నగరంలో థ్యాంక్స్‌గివింగ్ రోజు పరుగు 1896లో ఆరుగురితో మొదలై ఇప్పటికీ సాగుతోంది. బ్రెజిల్‌లో సావో పాలో నగరం 1925 నుంచి ఏడాది ఆఖరి రోజున సెయింట్ సిల్వెస్టర్ పేరిట పరుగెత్తుతోంది. ఊళ్ళు వేరు, దేవుళ్ళు వేరు, వాతావరణాలు వేరు. తీరు మాత్రం ఒకటే: కడుపునిండా తినే రోజున ముందు కాస్త చెమట పట్టించుకోవాలి, నలుగురితో కలిసి పట్టించుకోవాలి.

వేలమందిలో గెలిచేది ఒకరిద్దరేనని అందరికీ ముందే తెలిసినా, వేలమందీ సంతోషంగా వచ్చే పందెం ఇది. ఓడిపోయేవాళ్ళే లేని పందెం. మన ఊళ్ళకి ఇలాంటిది కావాలి. ఖర్చు పెద్దగా కాదు. వచ్చే ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక మీ వీధి చివర ముగ్గుతో ఒక గీత గీయండి. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, నడిచేవాళ్ళూ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళూ అందరినీ పిలవండి. దారిలో మంచినీళ్ళు, చివర్లో మజ్జిగ పెట్టండి. ఎంతమంది వస్తారో అని సందేహించకండి. పీచ్‌ట్రీకి మొదటి ఏడు వచ్చింది 110 మందే.