తాతల నాటి బిరుదు

'కౌంట్ లేవ్ టాల్‌స్టాయ్' అని చదువుతూ పోతాం. ఆ 'కౌంట్' ఎక్కణ్ణుంచి వచ్చిందో పెద్దగా పట్టించుకోం.

పీటర్ చక్రవర్తికి భయపడి ఆయన కొడుకు అలెక్సీ దేశం విడిచి పారిపోయాడు. 1717లో నేపుల్స్‌లో ఉన్న అతన్ని, తండ్రి క్షమిస్తాడని నమ్మించి వెనక్కి రప్పించినవాడు ప్యోత్ర్ టాల్‌స్టాయ్. తర్వాత విచారణ నడిపిందీ ఆయనే. చిత్రహింసలు పెట్టారు, మరణశిక్ష వేశారు. 1718లో యువరాజు కోటలోనే చనిపోయాడు. 1724లో ప్యోత్ర్ కౌంట్ అయ్యాడు. మూడేళ్లకే ప్రత్యర్థుల చేతిలో ఓడి, బిరుదు పోగొట్టుకుని, సొలొవెట్‌స్కీ మఠంలో బందీగా పోయాడు. 1760లో బిరుదు మనవళ్లకి తిరిగొచ్చింది.

ఆ వంశంలోనే ద్మీత్రీ టాల్‌స్టాయ్ 1866 నుంచి 1880 దాకా విద్యామంత్రి, 1882 నుంచి 1889లో చనిపోయేదాకా హోంమంత్రి. సెన్సారు కత్తి ఆ రోజుల్లో బాగా పదునెక్కింది.

ద్మీత్రీ కంటే లేవ్ ఐదేళ్లు చిన్న. ప్యోత్ర్ నుంచి ఐదో తరం. ఆయన రాజ్యాన్నే కాదన్నాడు. సైన్యం, కోర్టులు, ఉరికంబాలు ఏవీ వద్దన్నాడు. మరి కాదన్నంత మాత్రాన వారసత్వం వదిలిపోతుందా?

పోదనే నాకనిపిస్తుంది. ఆస్తిని భార్యాపిల్లలకి పంచేశాక కూడా ఆయన ఉన్నది యాస్నయా పొల్యానా ఇంట్లోనే. 1908లో వరస ఉరిశిక్షల మీద 'నేను మౌనంగా ఉండలేను' రాస్తే, దాన్ని అచ్చేసిన పత్రికలకి జరిమానాలు పడ్డాయి. మరుసటి ఏడు ఆయన కార్యదర్శి గూసెవ్‌ని ప్రవాసానికి పంపారు. ఆయన్ని మాత్రం ముట్టుకోలేదు. కీర్తి ఒక కారణం, పుట్టుక ఇంకో కారణం అనుకుంటాను.

ఈ సంగతి అందరికంటే ముందు గ్రహించింది ఆయనే. తన విశాలమైన గది, తన భోజనం, తన తీరిక, అన్నీ ఆ ఉరితాళ్ల మీదే నిలబడి ఉన్నాయని ఆ వ్యాసంలోనే ఒప్పుకున్నాడు. నన్నూ జైల్లో పెట్టండి, లేదా ఉరి తియ్యండి అని అడిగాడు.

ఎవరో రాసిన పాత కోడ్ చేతికొస్తే 'ఇది నేను రాయలేదు' అంటాం. నిజమే. కానీ ఇవాళ దాన్ని నడుపుతున్నది మనమే. ప్యోత్ర్ చేసిన నమ్మకద్రోహానికి లేవ్ దోషి కాదు. దాని ఫలం తింటున్నందుకు జవాబుదారీ మాత్రం ఆయనదే. ఆ రక్షణ తనకెలాగూ ఉంది కాబట్టి, అది లేనివాళ్ల కోసం దాన్ని ఖర్చు పెట్టాడు. గూసెవ్ చెల్లించిన మూల్యం ముందు అది చాలా తక్కువే. అయినా అదే వంశంలో, అదే ఏలుబడిలో, మంత్రి పదవి ఒక్కటే దారి కాదని అది చూపించింది.