తెలుగు గొంతులో జపాను పాట

హైదరాబాద్‌లోని యాప్రాల్, సైనిక్‌పురి వైపు అనిమే చూస్తూ పెరిగిన ఆడపిల్లలు కరోకేలో జపాను పాట పాడాలని ముచ్చటపడతారు. పాడనివ్వండి. మన మాటల్లాగే జపాను మాటలూ చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి, నాలుక తేలిగ్గా తిరుగుతుంది.

లీసా 2019లో పాడిన ‘గురెంగె’తో మాత్రం మొదలుపెట్టొద్దు. వేగం ఎక్కువ, స్థాయి ఇంకా ఎక్కువ. లేత గొంతు అలసిపోతుంది. క్యూ సకమోటో 1961లో పాడిన ‘ఉఎ ఓ ముయితె అరుకో’ నాకు ఎంతో ఇష్టం. నిదానమైన నడక, ఊపిరి తీసుకోవడానికి కావలసినంత జాగా, మధ్యలో హాయిగా ఈల. కన్నీళ్లు జారకుండా తలెత్తి నడిచే మనిషి పాట అది. 1963లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో జపాను భాషలోనే మొదటి స్థానానికి చేరింది. చిన్న చెల్లెళ్లు కూడా గొంతు కలిపితే, 1988 నాటి తొతొరో సినిమాలోని ‘సంపో’ బాగుంటుంది.

శ్రుతి ఎక్కువైతే తగ్గించుకోమనండి. చాలా కరోకే యంత్రాల్లో అందుకు మీట ఉంటుంది. మన సంగీతం టీచర్లూ పాడేవారి గొంతును బట్టే శ్రుతి పెడతారు కదా! ఇంకొక్క మాట: సాహిత్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కాకుండా తెలుగులో రాసుకుంటే, ఎక్కడ దీర్ఘం తీయాలో కంటికే కనిపిస్తుంది.