నడిమి జాగ

ఎల్లారెడ్డిలో ఒక ఫొటో స్టూడియో ఉండేది. దాన్ని నడిపే కుర్రాడి పేరుతో ఈ కథకు పనిలేదు. పోచారం అలుగు దగ్గర పెళ్లికి ముందు షూటింగులు, లింగంపేట వైపు పెళ్లిళ్లు, నాగిరెడ్డిపేట వైపు తొట్టెల ఫంక్షన్లు అన్నీ అతని కెమెరాలోకే వచ్చేవి. పగలంతా తీయడం, రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చడం.

ఆ కంప్యూటర్ అంటే అతనికి ప్రాణం. ఆరు కోర్ల రైజెన్ ప్రాసెసర్, నాలుగు స్లాట్లలో నాలుగు ర్యామ్‌లు. ర్యామ్‌లు కూడా మామూలువి కావు. ఒక్కొక్కటి 51 మిల్లీమీటర్ల ఎత్తు, నెత్తిన రంగులు మారే లైట్లు. కేసుకు ఒక పక్క అద్దం. ఫొటోలు దిగడానికి వచ్చిన పిల్లలు సెట్టింగు తెరలను వదిలేసి ఆ అద్దం ముందు నిలబడేవాళ్లు. కుర్రాడికి అదొక గర్వం.

మే నెల వచ్చింది. ముహూర్తాలూ ఎండలూ కలిసే వచ్చాయి. రేకుల కప్పు కింద గది మధ్యాహ్నానికే కాలిపోయేది. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చిన చిన్న కూలర్ కీచుమని తిరిగేది గానీ వేడిని లాగలేకపోయేది. 95 డిగ్రీల దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకునేది. పొద్దున పెట్టిన రెండర్ దీపాలు పెట్టే వేళకూ తేలేది కాదు. ఫోన్లో పెళ్లికూతురి తండ్రి, “వీడియో ఎప్పుడిస్తవ్ బిడ్డా? మనుమడు పుట్టినంకనా?”

కామారెడ్డిలో కుర్రాడి బావకు కంప్యూటర్ల దుకాణం. బావకు ఫోన్ చేశాడు.

“బావా, మంచి కూలర్ ఒకటి చెప్పు. అన్నిటికన్న పెద్దది.”

“చెప్తగని, ముందు నీ కేసు వెడల్పు ఎంతుందో కొలిచి చెప్పు. ర్యామ్ ఎత్తు ఎంత? నాలుగు స్లాట్లూ నిండినయా, రెండేనా?”

“గవన్ని ఎందుకే బావా? కూలర్ కావాలంటే ర్యామ్ లెక్కలడుగుతవ్!”

“అడుగుతలేను, కొలువుమంటున్న.”

కుర్రాడికి చిరాకేసింది. తన దుకాణంలో ఉన్న సరుకే అంటగట్టడానికి బావ సాగదీస్తున్నాడనుకున్నాడు. మర్నాడు తెల్లారకముందే బస్సెక్కాడు. కామారెడ్డి మీదుగా పోతే రైలు దొరుకుతుంది, కానీ బావ కళ్లబడాలి. అందుకని మెదక్ దారి పట్టాడు. నర్సాపూర్ అడవి దాటి, పట్నం చేరి, సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కాడు. కంప్యూటర్ విడిభాగాలకు తెలంగాణ జిల్లాల వాళ్లంతా ఎక్కే మెట్లే అవి. ఒక షాపులో అద్దాల బీరువాలో కూలర్లు వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దదాన్ని వేలుపెట్టి చూపించాడు. జంట గోపురాలు, రెండు పంకలు, 165 మిల్లీమీటర్ల ఎత్తు. ఆ ధరకు ఎల్లారెడ్డిలో రెండు పెళ్లి ఆల్బమ్‌లు చేయాలి. బేరమాడి ఓ వంద తగ్గించుకుని, డబ్బాను ఒళ్లో పెట్టుకుని రాత్రికి ఇల్లు చేరాడు.

నిద్రపోతే తెల్లారుతుందన్నట్టు ఆ రాత్రే విప్పాడు. పాత కూలర్ తీసి, ప్రాసెసర్ మీది పాత పేస్టు తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి, కూలర్‌ను కూర్చోబెట్టి స్క్రూలు బిగించాడు. గోపురాలు రాజులా కూర్చున్నాయి. నడిమి పంక దిగింది. ఇక ముందటి పంక. అది ర్యామ్‌ల నెత్తిన ఆగింది. ఒత్తాడు, దిగలేదు. వాలుగా పెట్టాడు, లోపలికి పోలేదు.

“పైకి జరిపితే సరి” అనుకున్నాడు. పంకను పట్టి ఉంచే తీగలు ఎటైనా జరుగుతాయి కదా. ర్యామ్‌లకు పైన ఉండేలా లేపి తగిలించాడు. కూలర్ పని అయిపోయింది, కానీ ఇప్పుడు అద్దం మూత పడలేదు. లేపిన పంక అంచు మూతకు అడ్డం. కేసులో ఉన్న జాగా 165 మిల్లీమీటర్లకే సరిపోయేంత. పంక దాన్ని దాటిపోయింది.

“మూత లేకుంటే ఏమైతది? గాలి ఇంకా మంచిగ ఆడ్తది” అని అద్దం తీసి గోడకు ఆనించాడు. వారం నడిచింది. స్టూడియో రోడ్డు పక్కనే. వరికోతల కాలం, ధాన్యం ట్రాక్టర్లు, లారీలు. ఆ దుమ్మంతా తెరిచిన కేసులోకి పోయి గోపురాల రేకుల మధ్య ఇరుక్కుంది. వేడి మళ్లీ మొదలు. పైగా ఒక పొద్దున పంకలో బల్లి తోక కనబడింది. తోక ఒక్కటే.

కుర్రాడికి ఆఖరి ఉపాయం తట్టింది. ర్యామ్‌లకు ఆ ఎత్తు ఎక్కడిది? చిప్పుల మీద అతికించిన అల్యూమినియం తొడుగుదే కదా. దాన్ని పీకేస్తే లోపలి ర్యామ్ పొట్టిదే. ఒక ర్యామ్ తీసి, కటింగ్ ప్లేయర్ పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడే పింఛను కాగితాలకు ఫొటో దిగుదామని వడ్ల తాత వచ్చాడు. చెవిమీద పెన్సిల్, జేబులో టేపు. పని మానేసి ఏళ్లైనా ఆ రెండూ ఆయన్ని వదల్లేదు.

“ఏం చేస్తున్నవ్‌రా?”

కుర్రాడు కథంతా చెప్పాడు. తాతకు ప్రాసెసర్ అంటే ఏమిటో, ర్యామ్ అంటే ఏమిటో తెలియదు. ఎక్కడ తాకుతోందో మాత్రం చూపించమన్నాడు. టేపు తీశాడు.

“ఇది యాభై ఒకటి. నీ పంక కింద ఇడిసిన జాగ ముప్పై రెండు. పంతొమ్మిది తక్కువున్నది. పంతొమ్మిది పైకి లేపినవ్, ఆ పంతొమ్మిదే పోయి తలుపుకు తాకింది. తక్కువున్న జాగ ఏడికి పోదురా, ఒకతాన్నుంచి ఇంకోతానికి జరుగుతదంతే. మేము దర్వాజ ముందు నిలబెడ్తం, దాన్ని చూసుకుంట గోడ లేస్తది. నువ్వు గోడలన్ని లేపినంక పట్నం నుంచి దర్వాజ తెచ్చినవ్.”

“మరి దీన్ని పీకితే?” అని ర్యామ్ చూపించాడు.

“అది దేంతోని అంటుకున్నది?”

“జిగురుతోని.”

“జిగురు పట్టింది పీకితే పెచ్చు లేస్తది. చెక్కకే లేస్తది, గంత సన్నదానికి లేవదా?” అని ప్లేయర్ లాక్కుని పక్కన పెట్టాడు. తర్వాత కూలర్ వంక కాసేపు చూసి, “రెండు పంకలెందుకురా?” అన్నాడు.

“గాలి ఎక్కువొస్తదని.”

“నడిమిది ఒక్కటుంటే తిరగదా?”

కుర్రాడు నోరు తెరిచాడు, మూశాడు. ముందటి పంక తీసేశాడు. అది పోయాక ర్యామ్‌ల మీదికి వాలిన గోపురం రేకుల కింద టేపు పెడితే 64 మిల్లీమీటర్లు. 51 మిల్లీమీటర్ల ర్యామ్ హాయిగా నిలబడింది. దుమ్ము ఊదాడు, అద్దం మూశాడు, రెండర్ పెట్టాడు. వేడి ఎనభై దాటలేదు. తాత ఫొటోకు డబ్బులు తీసుకోలేదు.

ఆదివారం నాడు బావ వచ్చాడు. కేసు చూశాడు, బల్ల మీద ఊరికే పడున్న పంకను చూశాడు.

“దీనికి కూడ పైసలిచ్చినవ్ గద బామ్మర్దీ?”

“ముందే చెప్పొద్దా బావా?”

“కొలువుమన్న గద. ఒక్క గోపురందైతే సగం పైసలకే వచ్చేది, రెండు పంకలు పెట్టుకున్నా ర్యామ్ జోలికి పోకపోయేది.”

బావ ఆ పంకను కేసు వెనకవైపు బిగించి వేడిగాలి బయటికి పోయేలా తిప్పాడు. కుర్రాడు చాయ్ తెప్పించాడు.

నీతి: కొత్తది కొనేముందు ఇంట్లో ఉన్నదాన్ని కొలువు.

కథలో కుర్రాడిని మరీ తెలివితక్కువవాడిగా చూపడం నా ఉద్దేశం కాదు. పెద్ద కూలర్ కావాలనుకోవడంలో న్యాయం ఉంది. గాలితో చల్లబరిచే ఏ కూలరైనా గదిలో ఉన్న గాలినే వాడుకోవాలి. గది కంటే చల్లగా చేయడం దానివల్ల కాదు. సమీక్షల్లో చూపే అంకెలు ఎక్కువగా ఇరవై చిల్లర డిగ్రీల ఏసీ గదిలో కొలిచినవి. కామారెడ్డి జిల్లాలో మే నెల రేకుల గది దానికి పదిహేను డిగ్రీల పైన ఉంటుంది, ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అంతే పైకి జరుగుతుంది. సమీక్షలో 70 అని మురిసిపోతే ఇక్కడ 85 కనబడుతుంది. కాబట్టి మన ఎండలకు కాస్త బలమైన కూలరే కావాలి. తప్పు పెద్దది కోరడంలో లేదు, దాని ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోవడంలో ఉంది.

కూలర్ ఎత్తు చూసుకునేది కేసు మూత కోసం. ర్యామ్ కోసం చూసుకోవాల్సింది వేరే అంకె: పంక కింద వదిలిన జాగా. నోక్టువా కంపెనీ ఎన్‌హెచ్-డీ15 కూలర్‌నే తీసుకోండి. ఎత్తు 165 మి.మీ., ముందటి పంక కింద 32 మి.మీ. అంటే తొడుగు లేని ర్యామ్, సుమారు 31 మి.మీ. ఉండేది, వెంట్రుకవాసిలో పడుతుంది. అదే కంపెనీ తర్వాత డీ15ఎస్ అని ఇంకో రకం తెచ్చింది. ఒకే పంక, ర్యామ్‌కు 65 మి.మీ. వడ్ల తాత చేసిన పనే కంపెనీ కార్ఖానాలోనే చేసి అమ్ముతోందన్నమాట. సన్న గోపురం కావాలంటే యూ12ఎస్ ఉంది. దాని రేకుల మందం 45 మి.మీ. మాత్రమే, మీద 25 మి.మీ. పంక తగిలించినా ర్యామ్ స్లాట్ల మీదికి రాదు.

అన్నిటికన్నా చికాకు పెట్టేది ఒక్క మిల్లీమీటర్ తేడా. డీప్‌కూల్ ఏకే620 కింద 43 మి.మీ. ర్యామ్ పడుతుంది. జీ.స్కిల్ ట్రైడెంట్ జెడ్ ఆర్‌జీబీ ర్యామ్ ఎత్తు 44 మి.మీ. ఇక్కడ పంకను కొద్దిగా లేపితే పనైపోతుంది, కానీ కూలర్ ఎత్తు 160 నుంచి 161 అవుతుంది, మీ కేసు ఆ ఒక్కటీ ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాలి. కోర్సైర్ వెంజెన్స్ ఆర్‌జీబీ ప్రో అయితే 51 మి.మీ., ఒకటి రెండు మిల్లీమీటర్ల సర్దుబాటుకు లొంగదు. అదే కంపెనీ ఎల్‌పీఎక్స్ రకం సుమారు 34 మి.మీ. దగ్గర ఆగుతుంది. వేగంలో ఈ రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు, తేడా లైట్లలోనే. డీడీఆర్4 ర్యామ్ 1.2 వోల్టులతో, వేగం పెంచినా 1.35 వోల్టులతో నడుస్తుంది. దాన్ని చల్లబరచడానికి అంత కిరీటం అక్కర్లేదు. పెళ్లి వీడియోలు కూర్చే కంప్యూటర్‌కు పొట్టి ర్యామే మేలని నా మాట. పిల్లలు అద్దం ముందు నిలబడాలంటే మాత్రం నేనేం చెప్పలేను.

కొలిచేటప్పుడు ర్యామ్‌ను బయటికి తీసి, కింద బంగారు రంగు అంచు నుంచి పైన లైటు కొసదాకా కొలవాలి. స్లాట్‌లో ఉండగా పైకి కనబడే భాగం కొలిస్తే అంకె తక్కువ వస్తుంది, కంపెనీ చెప్పే అంకెతో పోలదు.

బావ స్లాట్లెన్ని నిండాయని అడగడానికీ కారణముంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే ర్యామ్‌లు పెడితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. పంక మొదట వాలేది మొదటి స్లాట్ మీదికి, అది ఖాళీ. కాబట్టి కొన్ని కూలర్ల కింద పొడుగు ర్యామ్ కూడా తప్పించుకుంటుంది. ఆ కుర్రాడు నాలుగు ఎనిమిదులకు బదులు రెండు పదహార్లు కొని ఉంటే అవే 32 జీబీ, అడ్డం కొంత తగ్గేది. చవక బోర్డుల్లో రెండే స్లాట్లుంటాయి, వాటిలో ఆ వెసులుబాటు లేదు.

ఇవన్నీ ఎందుకు, నీళ్ల కూలర్ పెట్టుకుంటే ప్రాసెసర్ చుట్టూ ఖాళీయే కదా అనే వాళ్లున్నారు. నిజమే. కానీ ఆ నీళ్లను చల్లబరిచే రేడియేటర్ ఎక్కడో ఒకచోట బిగించాలి. కేసు పైకప్పుకు బిగిస్తే రేడియేటర్ మందం 27 మి.మీ., పంకది 25, కలిపి 52 కిందికి దిగుతుంది. దిగిన చోట, మదర్‌బోర్డు పై అంచు దగ్గర, ఉండేది ఆ పొడుగు ర్యామ్‌లే. అందుకే చాలా కేసుల వివరాల్లో పైన రేడియేటర్ పెడితే ర్యామ్ ఇంతకు మించకూడదని ఒక చిన్న గీత రాసి ఉంటుంది. కామారెడ్డి బావ లాంటి దుకాణదారులు సరుకు చేతికివ్వకముందే ఆ గీత చదివి వినిపిస్తారు.